సగంలో ఆగిన కొయ్య ఓడలు ఓపిక లేక ఆగినవి కావు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో తీరిక వేళల వ్యాపకాల గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. అందులో కొయ్యతో చేసే తెరచాప ఓడల నమూనాల గురించి ఒక పేరా ఉంది. కిట్ పెట్టెలో ముక్కలన్నీ ముందే కోసి వస్తాయనీ, సూచనల పుస్తకం చూసుకుంటూ వాటిని వరసగా అతికించుకుంటూ పోతే ఓడ తయారవుతుందనీ, మధ్యలో వదిలేసేవారికి కావలసినంత ఓపిక లేకపోవడమే అందుకు కారణమనీ ఆ పేరా సారాంశం. చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడిగా, అందులోనూ ఒక ఓడను సగంలో వదిలేసి తిరిగి చేపట్టినవాడిగా, ఆ చివరి మాట సరైనది కాదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. విషయం కాస్త వివరంగా చెప్పవలసి ఉన్నందున నిడివి పెరిగింది, మన్నించగలరు.

ఓపిక లేని మనిషి అసలు ఇలాంటి పెట్టె జోలికే పోడు. గోరంత కప్పీలకు దారం ఎక్కించాలనీ, నెలల తరబడి ఒకే బల్ల ముందు కూర్చోవాలనీ తెలిసే దాన్ని ఇంటికి తెచ్చుకుంటాడు. అటువంటి మనిషి నాలుగు వారాలు తిరగకుండానే పని ఆపేసి పెట్టెను అటక ఎక్కించాడంటే, ఎక్కడ ఆపాడో ఒకసారి చూడాలి. నాకు తెలిసిన సగం ఓడలు దాదాపు అన్నీ ఒకే చోట ఆగాయి. స్తంభాల దగ్గర కాదు, తాళ్ల దగ్గరా కాదు. ఓడ అస్థిపంజరం మీద చెక్కబద్దలు పరచడం మొదలుపెట్టాక, ముక్కు దగ్గర నాలుగైదు బద్దలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన చోట ఆగాయి. వేర్వేరు మనుషులు, వేర్వేరు ఓడలు, ఆగిన చోటు మాత్రం ఒకటే అయినప్పుడు, తప్పు వాళ్ల స్వభావంలో వెతకడం న్యాయం కాదు.

పెట్టె తెరిస్తే ఏముంటుందో ముందుగా చెబుతాను. ప్లైవుడ్ పలక మీద లేజర్‌తో కోసిన పొడవాటి వెన్నుపలక ఒకటి ఉంటుంది. దాని గాడుల్లో అడ్డంగా నిలబెట్టడానికి పదో పన్నెండో బల్క్‌హెడ్‌లు ఉంటాయి. ఓడను దోసకాయ తరిగినట్టు అడ్డంగా కోస్తే ఒక్కో చోట ఏ ఆకారం కనిపిస్తుందో, ఆ ఆకారమే ఒక్కో బల్క్‌హెడ్. వీటితోపాటు సన్నని బద్దల కట్టలు వస్తాయి: మొదటి పొరకు లైమ్ లేదా బాస్‌వుడ్ వంటి మెత్తని కలపతో మిల్లీమీటరున్నర మందంవి, దాని మీద పైపొరకు వాల్‌నట్ వంటి గట్టి కలపతో అర మిల్లీమీటరు మందంవి. ఇవి కాక స్తంభాలకు గుండ్రటి కర్రలు, ఇత్తడి మేకులు, పోతపోసిన ఫిరంగులు, లంగర్లు, రెండు మూడు రంగుల దారపు ఉండలు, పెద్ద నక్షా కాగితాలు, ఒక సూచనల పుస్తకం.

ఇందులో ముందే కోసి వచ్చేవి ప్రధానంగా ఆ ప్లైవుడ్ ముక్కలే. బద్దలన్నీ ఒకే వెడల్పుతో, తిన్నగా, ఈ చివరి నుంచి ఆ చివరికి ఏ తేడా లేకుండా వస్తాయి. ఓడ ఒంట్లో మాత్రం తిన్నని గీత వెతికినా దొరకదు. ఆ తిన్నని బద్దకూ ఈ వంపుల ఒంటికీ మధ్య ఉన్న దూరమంతా చేసేవాడి చేతిపనే. దాన్ని అతికించడం అనే ఒక్క మాటలో చెప్పేయడం వల్లనే కొత్తవారు మోసపోతున్నారు.

నా మొదటి ఓడ మూడు స్తంభాల యుద్ధనౌక, 1:72 స్కేలు. వెన్నుపలకకు బల్క్‌హెడ్‌లు నిలబెట్టడం రెండు సాయంత్రాల్లో అయిపోయింది. తరవాతి దశ గురించి సూచనల పుస్తకంలో రెండే వాక్యాలు ఉన్నాయి. బల్క్‌హెడ్‌ల అంచులను ఓడ వంపుకు తగినట్టు అరగదీయాలని ఒకటి, ఆపైన మొదటి పొర బద్దలు అతికించాలని ఇంకొకటి. ఎంత అరగదీయాలి, ఏ బల్క్‌హెడ్‌ను ఏ వైపు, చాలిందని తెలిసేదెలా అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు. ఆ పక్క పేజీలోనే ఫిరంగి బండికి చక్రాలు ఎలా తగిలించాలో ఆరు బొమ్మలతో చూపించారు. నేను ఉప్పుకాగితంతో అటూ ఇటూ నాలుగు సార్లు రుద్ది, నునుపుగానే ఉందనుకుని బద్దలు అందుకున్నాను.

పైనుంచి ఆరో బద్ద వరకు పని బాగానే సాగింది. ఏడో బద్ద ముక్కు దగ్గరికి వచ్చేసరికి దాని పైఅంచు లేచి పక్కదాని మీదికి ఎక్కసాగింది. వేలితో అదిమి పట్టి సూపర్ గ్లూ వేశాను. ఎనిమిదోది ఇంకా ఎక్కువ లేచింది. ముక్కు సంగతి అలా ఉండగా, మూడో బల్క్‌హెడ్ దగ్గర ఒక గూని, దాని వెనకే ఒక పల్లం కనిపించాయి. బల్లదీపాన్ని పక్కకు వంచి వెలుతురు ఏటవాలుగా పడేలా పెడితే ఆ గూని నీడ ఓడ పొడవునా పాకేది. ఎంత రుద్దినా అది పోలేదు; పోకపోగా ఒకచోట బద్ద కాగితంలా పలచబడి, వేలు ఆనించగానే లోపలికి చిల్లు పడింది. ఆ రాత్రి ఓడకు గుడ్డ కప్పి పెట్టెలో పెట్టేశాను. అది ఏడేళ్లు అటక మీదే ఉండిపోయింది. నాకు ఓపిక లేదనే ఆ ఏడేళ్లూ నేను నమ్మాను. అందుకే మీ వ్యాసంలోని మాట నన్ను అంతగా తాకింది.

ఒకసారి మా ఇంటి తలుపు సరిచేయడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రి, అటక మీది సామాను దించుతున్నప్పుడు బయటపడ్డ ఆ ఓడను చూసి, ముట్టుకోవచ్చా అని అడిగారు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ముక్కు నుంచి వెనక్కి అరచేతిని మెల్లగా జరిపారు. మూడో బల్క్‌హెడ్ దగ్గర చెయ్యి ఆగింది. "పై చెక్కది తప్పు కాదు బాబూ, దీని కింద కూర్చున్నది ఎత్తుగా ఉంది. పైన ఎంత రుద్దినా కిందిది దిగదు కదా" అన్నారు. ఓడల గురించి తనకేమీ తెలియదని కూడా ఆయనే చెప్పారు. కాని నా చేతిలోని పుస్తకం చెప్పని సంగతిని ఆయన అరచేయి అర నిమిషంలో చెప్పింది.

ఆ వారమే బద్దలన్నీ విప్పదీశాను. తెల్ల జిగురు పెట్టిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది కాసేపు ఉంచితే జిగురు మెత్తబడి బద్ద ఊడి వచ్చింది. సూపర్ గ్లూ వేసిన చోట అసిటోన్ వాడినా కొన్ని బద్దలు విరిగిపోయాయి. కింద చూస్తే, మూడో బల్క్‌హెడ్ తన పక్కవాటికంటే మిల్లీమీటరు పైకి నిలిచి ఉంది. 1:72 స్కేలులో మిల్లీమీటరంటే అసలు ఓడ మీద ఏడు సెంటీమీటర్ల పైమాట.

ఓడ నమూనాలో అన్నిటికంటే ముఖ్యమైన పని, పూర్తయ్యాక ఎవరికీ కనిపించని పని, ఈ అంచులు తీర్చడమే. వ్యాసంలోనూ పుస్తకంలోనూ లేనిది అదే కాబట్టి దాన్ని వివరంగా చెబుతాను. ఓడ నడుము దగ్గర బద్దలు వెన్నుపలకకు దాదాపు సమాంతరంగా సాగుతాయి. అందువల్ల అక్కడి బల్క్‌హెడ్‌ల అంచులు చదరంగా ఉన్నా ఇబ్బంది లేదు. ముక్కు వైపు వెళ్లేకొద్దీ ఓడ ఒళ్లు లోపలికి తిరుగుతుంది. కాబట్టి అక్కడి బల్క్‌హెడ్‌కు ముందువైపు అంచును ఏటవాలుగా తీసేయాలి. వెనకవైపు అంచు మీద లేజర్ కాల్చిన నల్లటి గీత మాత్రం చెరగకూడదు. ఓడ వెనక భాగంలో ఇది తిరగబడుతుంది: తీయవలసింది వెనకవైపు అంచు, నిలుపుకోవలసింది ముందువైపుది. పైగా ఈ వాలు ఒకే బల్క్‌హెడ్‌లో కూడా పైనుంచి కిందికి మారుతూ పోతుంది. బద్ద ఆ అంచు మందమంతటి మీదా పూర్తిగా ఆనుకుని కూర్చోవాలి. ఒక మూల మీద మాత్రమే ఆనితే జిగురుకు పట్టు ఉండదు, ఆ మూల మీద బద్దకు గూని వస్తుంది.

ఈ పనిని చిన్న కాగితపు ముక్కతో ఒక్కో బల్క్‌హెడ్‌నూ విడివిడిగా రుద్దుతూ చేయకూడదు. మూడు బల్క్‌హెడ్‌ల మీదుగా ఒకేసారి ఆనేంత పొడవైన బద్దకు ఉప్పుకాగితం అంటించి, చిత్రిక పట్టినట్టు పొడవుగా లాగాలి. దానికి ముందు అన్ని అంచుల మీదా పెన్సిల్‌తో నలుపు రుద్దుకుంటే, రెండు మూడు లాగుల తరవాత నలుపు పోయిన చోటు ఎత్తనీ, మిగిలిన చోటు పల్లమనీ కంటికే తెలుస్తుంది. ఆపైన ఒక సన్నని బద్దను జిగురు లేకుండా ముక్కు నుంచి వెనక్కి వేళ్లతో ఆనించి పట్టుకుని చూడాలి. అది ప్రతి అంచునూ తాకుతూ, ఎక్కడా గెంతకుండా, ఎక్కడా కింద వెలుతురు కనిపించకుండా వంగిందంటే ఆ వరస సరిపోయినట్టు. అదే బద్దను అంగుళం కిందికి జరిపి మళ్లీ చూడాలి. పల్లం ఉంటే పలచటి చెక్కపేళ్లు అంటించి పైకి తీసుకురావచ్చు. తీసేయడం ఎంత పనో, చేర్చడమూ అంతే పని, అందులో చిన్నతనం ఏమీ లేదు. ముక్కు దగ్గర మొదటి రెండు బల్క్‌హెడ్‌ల నడుమ మెత్తని కలప దిమ్మెలు పెట్టి ఓడ ఆకారానికి చెక్కుకుంటే, బద్దలు బాగా మలుపు తిరిగే ఆ చోట వాటికి కూర్చునే స్థలం దొరుకుతుంది. చాలా కిట్‌లలో ఆ దిమ్మెలు ఉండవు, పెట్టుకోమని చెప్పేవారూ ఉండరు.

ఒక చిన్న పడవకే ఇదంతా నాలుగైదు సాయంత్రాల పని. ఆ సాయంత్రాల్లో ఓడ ముందుకు సాగినట్టు కంటికి ఏమీ కనిపించదు. కొత్తవాడు ఈ దశను దాటేయడానికి కారణం తొందరపాటు కాదు. ఇక్కడ ఇంత పని ఉందని అతడికి ఎవరూ చెప్పకపోవడం.

లోపలి పనికి ఉన్న విలువ పూర్వం తెలియనిది కాదు. ఇంగ్లండులో 17వ శతాబ్దపు రెండో సగం నుంచి చేసిన నేవీ బోర్డు నమూనాలలో ఓడ కింది భాగానికి బద్దలు వేయకుండా, పక్కటెముకల వరుస బయటికి కనిపించేలా వదిలేసేవారు. నావికాదళ అధికారుల కోసం, పెద్దల సేకరణల కోసం చేసిన అత్యంత ఖరీదైన వస్తువులవి. వాటిలో పైన బంగారు పూత చెక్కడాలు ఎంత సొగసుగా ఉంటాయో, కింద ఒకదాని పక్కన ఒకటి వంపు తిరుగుతూ పోయే ఆ పక్కటెముకలు అంతకు మించి ఉంటాయి. నేటి కిట్ పుస్తకాలు రెండు వాక్యాలతో దాటేస్తున్న చోటును ఆనాటి పనివారు చూడమని తెరిచి పెట్టారు.

కొలత తేడాలు అసలు ఓడల్లోనూ వచ్చేవని చెప్పడానికి స్వీడన్ నౌక వాసాను తలచుకోవచ్చు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో తొలి ప్రయాణానికి బయలుదేరి, సుమారు 1,300 మీటర్లు సాగి, గాలి తాకిడికి ఒరిగి, కింది వరస ఫిరంగుల కిటికీల గుండా నీరు చేరి మునిగిపోయింది. 64 ఫిరంగులు, ఒంటినిండా వందల చెక్కడాలు ఉన్న ఆ నౌకకు పైబరువు ఎక్కువ కావడమే మునకకు మూలం. 1961 ఏప్రిల్ 24న దాన్ని పైకి తీశాక, పనివారు వాడిన కొలబద్దలు నాలుగు దొరికాయి. వాటిలో రెండు 12 అంగుళాల స్వీడిష్ అడుగువి, రెండు 11 అంగుళాల ఆమ్‌స్టర్‌డామ్ అడుగువి. ఒకే ఓడ మీద పనిచేసిన చేతులు రెండు రకాల అడుగులతో కొలిచాయన్నమాట. ఆ నౌక ఎడమ కుడి పక్కలు కచ్చితంగా ఒకేలా లేవు. నా మూడో బల్క్‌హెడ్‌ను చూసుకున్నప్పుడల్లా నాకు ఆ కొలబద్దలు గుర్తొస్తాయి.

ఇక బద్దల లెక్క. ముక్కు దగ్గర బద్దలు ఎందుకు ఎక్కుతాయో తెలిస్తే సగం భయం పోతుంది. నడుము దగ్గర బల్క్‌హెడ్ అంచు పొడవు 100 మిల్లీమీటర్లు, బద్ద వెడల్పు 5 మిల్లీమీటర్లు అనుకుంటే, అక్కడ 20 బద్దలు పడతాయి. ముక్కు దగ్గర అదే కొలత 60 మిల్లీమీటర్లే ఉందనుకుందాం. అవే 20 బద్దలు అక్కడా సర్దుకోవాలంటే ఒక్కొక్కటి ఆ చివర 3 మిల్లీమీటర్లకు సన్నబడి తీరాలి. సన్నబరచకుండా అలాగే తీసుకెళితే 40 మిల్లీమీటర్ల కలపకు కూర్చునే చోటు లేదు. అది పక్కదాని మీదికి ఎక్కక ఏం చేస్తుంది?

దీనికి తోడు కలప స్వభావం ఒకటి ఉంది. కాగితపు పట్టీని ఉంగరంలా తేలికగా చుట్టవచ్చు. అదే పట్టీని బల్ల మీద పరిచి, పరిచినట్టే పక్కకు వంచబోతే ఒక అంచు ముడత పడి లేస్తుంది. బద్ద కూడా అంతే. మందం వైపు వంగుతుంది, వెడల్పు వైపు వంగనంటుంది. నేను ఏడో బద్దను వేలితో అదిమి పట్టినప్పుడు అది వంగలేని వైపుకే దాన్ని నెట్టాను. ముందుగా ప్రతి బల్క్‌హెడ్ అంచు మీదా బద్దల వాటాలు గుర్తు పెట్టుకుని, ఒక్కో బద్దను ఏ గుర్తు దగ్గర ఎంత వెడల్పు ఉండాలో అంతకు చిత్రిక పట్టి, అప్పుడు పెడితే అది ఏ బలవంతమూ లేకుండా తన చోటికి తానే పోయి కూర్చుంటుంది. ఆ కూర్చోవడం చేతికి తెలుస్తుంది. ఈ వ్యాపకంలో నాకు అంతకంటే సంతోషం కలిగించే క్షణం లేదు.

సగం వెడల్పు కంటే సన్నబరచవలసి వస్తే మాత్రం ఆ బద్దను అక్కడితో ఆపి, పక్క బద్దలో గుంట కోసి రెంటినీ ఒకటిగా కలపాలి. మరీ కోసుగా చేసిన చివర మేకు పట్టదు, పగులుతుంది. ఓడ వెనక భాగంలో కొలత నడుము కంటే పెరిగితే, మిగిలిన ఖాళీని కోసుముక్కలతో పూడ్చాలి. ఈ రెండూ అసలు ఓడల మేస్త్రీలు చేసినవే. వీటిని నమూనాలో చూసి తప్పు కప్పిపుచ్చుకున్నారని అనుకోవలసిన పని లేదు. కీల్‌ను, అంటే ఓడ అడుగున వెన్నెముకలా సాగే దూలాన్ని, ఆనుకుని ఉండే మొట్టమొదటి బద్దను ముక్కు దగ్గర పైకి పాకనివ్వకూడదన్నది ఇంకో జాగ్రత్త, ఎందుకంటే అది పాకితే దాని పైన ఉన్నవన్నీ దాని వెంటే పాకుతాయి. ఒక పక్క రెండు బద్దలు వేస్తే రెండో పక్కా రెండు వేసుకుంటూ పోవాలి. ఒకే పక్క వేసుకుంటూ పోతే ఆ బిగువుకు వెన్నుపలక మెలి తిరుగుతుంది, ఆ మెలికను తరవాత ఎవరూ విప్పలేరు.

బద్దలు వంచడానికి నానబెట్టమని అన్ని పుస్తకాలూ చెబుతాయి. కలపను మెత్తబరిచేది నిజానికి వేడి. నీరు ఆ వేడిని లోపలికి చేర్చి పనిని సులువు చేస్తుంది. అరగంట నానిన బద్దను వేడి ఇస్త్రీ మొన మీదుగా కొద్దికొద్దిగా వంచి, ఓడ మీదే క్లిప్పులతో బిగించి రాత్రంతా ఆరనివ్వాలి, జిగురు మరునాడు పెట్టాలి. తడి బద్ద ఉబ్బి ఉంటుంది. అలాగే అతికిస్తే ఆరిన తరవాత కుంచించుకుని బద్దల మధ్య సందులు తేలతాయి. ఆరనివ్వడం అసలు ఓడలకూ ప్రాణమే. ఇంగ్లండు యుద్ధనౌక విక్టరీకి 1759లో కీల్ వేస్తే అది 1765లో నీటిలోకి దిగింది. పక్కటెముకలు నిలబెట్టాక మామూలుగా కొన్ని నెలలు ఆరనిచ్చేవారు; ఆ నౌక మాత్రం సుమారు మూడేళ్లు ఆరింది. అది ఇంతకాలం నిలవడానికి అదొక కారణమని చెబుతారు.

తాళ్ల పని చూసి భయపడేవారు చాలామంది. స్తంభాలను పక్కల నుంచి నిలబెట్టే మోకుల మీద, నావికులు పైకి ఎక్కడానికి నిచ్చెన మెట్లలా అడ్డుతాళ్లు కడతారు. అసలు ఓడలో వాటి ఎడం సుమారు 15 అంగుళాలు. 1:64 స్కేలులో అది 6 మిల్లీమీటర్లు. ఎనిమిది మోకుల మీద పాతిక అడ్డుతాళ్లంటే ఒక్క స్తంభానికి ఒక్క పక్కనే 200 ముడులు. వినడానికి ఇది కొండంత పని. కాని ఈ దశకు చేరినవారు ఇక్కడ ఆగిపోవడం నేను చాలా అరుదుగా చూశాను. మోకుల వెనక గీతలు గీసిన అట్టముక్క పెట్టుకుని, దారాన్ని తేనెమైనం మీదుగా లాగి నూగు అణిచి, ఒకే రకం ముడిని మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోవడమే ఆ పని. మోకులను లోపలికి ఈడ్చేంత బిగించకూడదన్నది తప్ప అందులో దాగిన ప్రమాదం లేదు. ఓపిక మాత్రమే కావలసిన పని అయితే కొత్తవాళ్లు చేయగలుగుతున్నారు. ఆగినవారికి లేనిది ఓపిక కాదన్న నా మాటకు ఇంతకంటే రుజువు అక్కరలేదు.

ఏ ఓడతో మొదలుపెట్టాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. పెట్టె మీద మూడు వరసల ఫిరంగులు, మూడు స్తంభాల నిండా తెరచాపలు ఉన్న బొమ్మ చూస్తే ఎవరికైనా మనసు అటే పోతుంది; నాకూ పోయింది. ట్రఫాల్గర్ యుద్ధంలో 104 ఫిరంగులతో నిలిచిన విక్టరీనే మొదటి ఓడగా తెచ్చుకున్నవారు నాకు తెలుసు. అంత పెద్ద ఓడలో అంచులు తీర్చడంలో చేసిన తప్పు వందలాది బద్దల కింద పెరుగుతూ పోయి, నెలల తరవాత బయటపడుతుంది. ఒకే స్తంభం ఉన్న చిన్న పడవలో అదే తప్పు నాలుగో రోజున కనిపిస్తుంది, ఐదో రోజున దిద్దుకోవచ్చు. చిన్న పడవ చిన్నపిల్లల పని అనుకోవడం పొరపాటు. వంపు, వాలు, వాటాల లెక్క అందులోనూ అంతే ఉంటాయి. సంఖ్య మాత్రమే తక్కువ.

మీ వ్యాసకర్తను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పెట్టెల మీద రాసి ఉన్నదే వారు రాశారు. నేను కోరేది ఇది. ఈ వ్యాపకం గురించి మీ పత్రికలో మళ్లీ రాసినప్పుడు, ఆగిపోయినవారికి ఓపిక లేదనే మాట తీసేసి, అంచులు తీర్చడం, వాటాల లెక్క అనే రెండు పనుల గురించి నాలుగు మాటలు చేర్చండి. వీలైతే ఒక ఫొటో వేయండి, పూర్తయిన ఓడది కాదు, బద్దలు వేయకముందు తీర్చిన అస్థిపంజరానిది. పాఠకులలో చాలామంది దాన్ని ఎన్నడూ చూసి ఉండరు.

కిట్‌లు తయారుచేసే సంస్థలకూ మీ ద్వారా ఒక విన్నపం. ఇటీవల కొన్ని కిట్‌లలో బల్క్‌హెడ్‌ల మీద బద్దల వాటాల గుర్తులను లేజర్‌తోనే గీసి ఇస్తున్నారు. కొన్నింటిలో ఏటవాలు ఎంతవరకు తీయాలో కూడా గీత పెడుతున్నారు. ఆ పని చూసినప్పుడు కొత్తవాడి పక్కన ఎవరో పెద్దమనిషి కూర్చున్నట్టు అనిపించింది. అందరూ అలా చేయాలి. ఫిరంగి చక్రాలకు ఇచ్చిన ఆరు బొమ్మల్లో మూడింటిని ఈ దశకు ఇచ్చినా, ఎన్నో ఓడలు పూర్తవుతాయి. పెట్టె మీద పూర్తయిన ఓడ పొడవు, ఫిరంగుల సంఖ్య రాసినట్టే, ఇది మొదటిసారి చేసేవారికి తగినదా కాదా అన్నది కూడా దాచకుండా రాయాలి.

నా పాత యుద్ధనౌక ఇప్పుడు తిరిగి బల్ల మీద ఉంది. ఎడమ పక్క పదకొండో బద్ద క్లిప్పుల కింద ఆరుతోంది. కుడి పక్కది రేపు పెట్టాలి. మూడో బల్క్‌హెడ్ మీదుగా చెయ్యి జరిపితే ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. చిల్లు పడిన ఆ ఒక్క పాత బద్దను మాత్రం పారేయకుండా పనిముట్ల డబ్బాలో ఉంచుకున్నాను.

ఈ ఉత్తరం చదివి అటక మీది పెట్టెను దించేవారు ఒక్కరున్నా, వారికి ఒక మాట. వెంటనే బద్దలు అందుకోకండి. వెన్నుపలక ఇన్నేళ్లలో వంగి ఉండవచ్చు; ముందు ఓడను తలకిందులు చేసి, ఒక కన్ను మూసి, ముక్కు నుంచి వెనక్కి దాని అంచు వెంట తిన్నగా చూడండి. తరవాత అరచేతిని ఓడ పొడవునా మెల్లగా జరపండి. అది ఆగిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పని అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు